కోణంగి పిలిచిన పెళ్ళి

దేవిప్రియ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడగని ముసలమ్మ బోడినాయకనూరులో లేదు. అడిగిన ఒక్కొక్కరికీ ఆమె ఒక్కో కారణం చెప్పింది. పాలుపోసే రామాయికి జాతకంలో కుజుడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడని చెప్పింది. బస్సులో పక్కన కూర్చున్నావిడకు, చూడవచ్చిన వాళ్ళందరికీ ఎడమ మీసం పొడుగని చెప్పింది. గుడి మెట్లమీద ఎదురైన దూరపు పిన్నమ్మకు, "ఇప్పుడు అందుకే పోతా ఉండాను, మీరు అడ్డం నిలబడితిరి" అని చెప్పింది. ఈ ముగ్గురూ ఒకనాడు ఒక సీమంతంలో కలిసి, కారణాలు పక్కపక్కన పెట్టి చూసుకుని, ఈ పిల్ల మనతో ఆడుకుంటోందని తేల్చారు. అది నిజమే. నలభై మూడేళ్ళ మనిషిని పిల్ల అన్నారన్న మాటే గాని, ఆ తీర్పులో తప్పేమీ లేదు.

అడిగిందే అడిగితే చెప్పిందే చెప్పటం ఆమె ఒంటికి పడేది కాదు. దీనికి మూలం తల్లి. వెంకటమ్మాళ్ కూతుర్ని అన్నానికి పిలవటం మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలయినా, ఒక రోజు పిలిచినట్టు ఇంకో రోజు పిలిచిన గుర్తు ఎవరికీ లేదు. ఒకనాడు "రా అమ్మీ, సాంబారు నీ మీద అలిగి చల్లారిపోతా ఉంది" అనేది. ఇంకోనాడు "తింటావా, కుక్కకు పెట్టేదా? పాపం అది కూడా ఆలోచన చేస్తా ఉంది" అనేది. ఆ ఇంట్లో అన్నం రుచి పిలుపులోనే సగం ఉండేది. మిగతా సగం కోసం కొంచెం ఊరగాయ వేసుకోవాల్సి వచ్చేది.

దేవిప్రియకు ఒక యాలకుల వ్యాపారి దుకాణం మీద చిన్న గది ఉంది. కింద ఆడవాళ్ళు జల్లెడ పట్టి కాయను సైజుల వారీగా వేరుచేస్తుంటే ఆ ఘాటు మెట్లెక్కి పైకి వచ్చేది. ఆమె జడకూ, చున్నీకీ, కంప్యూటరు మీటల సందులకూ ఆ వాసన పట్టి చాలా ఏళ్ళయింది. ఏ తోట మూట ఎప్పుడొచ్చింది, ఎంత తూగింది, కాయ ఏ సైజు, ఇలాంటివి చూసుకునే ప్రోగ్రాములు ఊళ్ళో వ్యాపారులకు రాసిపెట్టటం ఆమె జీవనం. పని బాగానే ఉండేది గాని, కంప్యూటరు మాట్లాడే తీరు ఆమెకు నచ్చేది కాదు. ఏడాది పొడుగునా రెండే ముక్కలు. సరిగ్గా కొడితే "నమోదైంది". తప్పు కొడితే "తప్పు, మళ్ళీ ప్రయత్నించండి". ఇంత తెలివైన యంత్రానికి ఇంత పేద నోరేమిటని ఆమెకు జాలి వేసింది.

ఆ జాలితోనే ఒక వానాకాలం తల్లి మాటలన్నీ నోటుబుక్కులో రాసుకుంది. ఒక్కొక్క మాటనూ తల, నడుము, తోక అని మూడు ముక్కలు చేసింది. తర్వాత ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. అది ఎక్కడిదో ఒక తల, ఎవరిదో ఒక నడుము, దొరికిన తోక తీసి అతికిస్తుంది. నూట ఇరవై ముక్కల్లోంచి వేల మాటలు పుడతాయి. ఏది ఎప్పుడు వస్తుందో రాసిన ఆమెకే తెలియదు. ఏ ప్రోగ్రాముకైనా దీన్ని తగిలించుకుంటే చాలు, మొండి మాటలన్నీ రంగు మారి బయటికి వస్తాయి. దానికి కోణంగి, అంటే నవ్వించే విదూషకుడు, అని పేరు పెట్టింది.

మొదట దాన్ని కింది దుకాణం ప్రోగ్రాముకు చెప్పాపెట్టకుండా తగిలించింది. మూడో రోజు తేమపట్టిన మూట ఒకటి తూకానికి వచ్చింది. తెరమీద "ఈ మూట దారిలో నీళ్ళు తాగి వచ్చినట్టుంది, కాసేపు ఎండలో కూర్చోబెట్టి బుద్ధి చెప్పండి" అని పడింది. వ్యాపారి రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏమమ్మా, నీ కంప్యూటరు నన్ను ఎగతాళి చేస్తా ఉండాది?"

దేవిప్రియ క్షమించమని చెప్పి, కోణంగిని తీసేసింది. వారం తిరక్కుండా ఆయన మళ్ళీ మెట్లెక్కాడు. ఈసారి మొహం చిన్నబోయి ఉంది.

"ఏమమ్మా, అది నాతో మాట్లాడటమే మానేసింది. నిజంగానే కోపం వచ్చిందా దానికి?"

అప్పట్నించి ఆ దుకాణంలో కోణంగికి శాశ్వతమైన కొలువు. ఆమె దాన్ని ఇంటర్నెట్లో కూడా పెట్టింది, కావలసిన వాళ్ళు ఊరికే తీసుకోండని. ఫిన్లాండులో లెక్కలు చెప్పే ఒక మాస్టారు తీసుకున్నాడు. లెక్క తప్పు చేసిన పిల్లలకు తెరమీద "నీ మొగం, మళ్ళీ నొక్కు" అని పడుతోంది, దీనర్థమేమిటని ఉత్తరం రాశాడు. "ప్రోత్సాహం" అని ఆమె జవాబిచ్చింది.

ఇలా సాగుతున్న రోజుల్లో ఆమె అన్న కూతురు మోనికకు పెళ్ళి కుదిరింది. అన్న సెంథిల్‌కుమార్‌కు ఆండిపట్టిలో కొబ్బరిపీచు మిల్లు ఉంది. మోనిక తేనిలో ఒక కంటి ఆసుపత్రిలో చూపు పరీక్ష చేసి అద్దాలు రాసిచ్చే ఉద్యోగం చేస్తోంది. పెళ్ళికొడుకు జీవ చిన్నమనూరులో ద్రాక్షతోటలున్న పళనిసామి కొడుకు. రెండు కుటుంబాలూ ఎన్నో తరాల కిందట ఇటు అరవదేశం వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళవే. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. మాట్లాడేది ఒకటి, చదివేది ఒకటి. ఉత్తరమైనా మెసేజైనా తెలుగు మాటను అరవ అక్షరాల్లోనే రాసుకుంటారు.

వాళ్ళలో పెళ్ళికి రెండుసార్లు పిలవాలి. మొదటిసారి ఇంటికి వెళ్ళి, పత్రిక తాంబూలంలో పెట్టి పిలవాలి. పెళ్ళి నాలుగు రోజులుందనగా రెండోసారి పిలవాలి. పూర్వం దీనికి మనిషిని పంపేవాళ్ళు. ఇప్పుడు ఫోనులోనే. ఎలా పిలిచినా వరస పెట్టి పిలవటం ముఖ్యం. మామను మామా అని, బావను బావా అని, తమ్ముణ్ణి తమ్ముడా అని. వరస లేని పిలుపు తలుపుకు అంటించిన కాగితంతో సమానం.

సెంథిల్‌కుమార్ పొడుగు నోటుబుక్కు చంకలో పెట్టుకుని చెల్లెలి గదికి వచ్చాడు.

"దేవీ, ఆరువందల పన్నెండు ఇండ్లు. ఒకే మెసేజు చేసి ఫార్వర్డు కొడితే ఏమంటారో తెల్సునా? సెంథిలు మమ్మల్ని పిలవలే, నోటీసు ఇచ్చినాడు అంటారు."

"అట్లయితే ఒక్కొక్కరికీ నువ్వే కొట్టు అన్నా."

"నాది బొటనవేలు తల్లీ, మిల్లు మోటారు కాదు. నీ కోణంగి ఉంది కదా, దాన్ని కొంచెం పంపు. పేరు, ఊరు, నంబరు, మురై, అన్నీ రాసిపెట్టినాను." మురై అంటే వరస. "అయితే ఒకటి. మిషను కొట్టిందని ఎవరికీ తెలీగూడదు."

"మరి ఎవరు కొట్టినట్టు?"

"నేనే."

ఆమె నవ్వి నోటుబుక్కు తీసుకుంది. పేర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ముప్పై ఎనిమిది చోట్ల వరస గడి ఖాళీగా కనిపించింది. అన్న మరిచిపోయి ఉంటాడనుకుంది. అడుగుదామనుకుని ఫోను ఎత్తింది కూడా. అంతలో కింద జల్లెడ దగ్గర ఏదో పోట్లాట మొదలైతే కిటికీలోంచి వంగి చూసి, అదయ్యాక ఫోను సంగతి మరిచిపోయి, "గడి ఖాళీగా ఉంటే ఏదో ఒక వరస తీసుకో" అని కోణంగికి ఒక లైను రాసి ఊరుకుంది. మనవాళ్ళలో ప్రతివాడూ ఇంకొకడికి ఏదో ఒకటి అవుతాడు కదా అని ఆమె లెక్క.

బుధవారం పొద్దున పిలుపులు వెళ్ళాయి. ఆదివారం పెళ్ళి.

గంట తిరక్కుండా జవాబులు మొదలయ్యాయి. కంబంలో ఉన్న ఒక దూరపు మామకు "మామా, ముహూర్తం ఆరున్నరకు. అంతా అయినాంక వచ్చి, అప్పుడే కట్టేసినారా అని అడిగే అలవాటు ఈ ఒక్కసారికి మానండి" అని వెళ్ళింది. ఆయన పొంగిపోయి ఫోను చేశాడు. "నేను లేటుగా వస్తానని సెంథిలుకు గుర్తుంది చూడు! ఎంత అభిమానం!" ఉసిలంపట్టిలో ఒక బావకు, ఆకు ముందు కూర్చుంటే ఆయన్ను లేపటానికి ఇద్దరు మనుషుల్ని మాట్లాడి పెట్టామని వెళ్ళింది. ఆయన ఆ మెసేజు వీధిలో అందరికీ చదివి వినిపించాడట. మధ్యాహ్నానికి సెంథిల్‌కుమార్ పేరు జిల్లా దాటి మదురై దాకా పాకింది. ఇంత మంది గురించి ఇంత వివరంగా తెలిసిన మనిషి, ఒక్కొక్కరికీ చేత్తో కొట్టిన మనిషి! ఆయన కాదనలేదు. పైగా బొటనవేలికి పసుపుగుడ్డ చుట్టుకుని, అడిగిన వాళ్ళకు విప్పి చూపించాడు.

మూడు గంటలకు చిన్నమనూరు నుంచి పళనిసామి ఫోను చేశాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పందిరి కట్టేది కొంచెం ఆపండి. మా అమ్మ ఒక మాట తేల్చుకోవాల అంటా ఉంది."

ఇంతకూ ఆయనకు వెళ్ళిన పిలుపు ఇది: "పెదనాయనా, మన ఇంటి పిల్ల పెండ్లి. చొక్కా గుండీలు పొట్టతో పోట్లాడుకోకముందే బయల్దేరండి."

పెళ్ళికూతురి తండ్రి పెళ్ళికొడుకు తండ్రిని పెదనాయనా అన్నాడు. అంటే వాళ్ళిద్దరివీ అన్నదమ్ముల ఇళ్ళన్నమాట. అప్పుడు జీవ సెంథిల్‌కుమార్‌కు తమ్ముడు. మోనికకు చిన్నాయన.

పళనిసామి తల్లి కృష్ణమ్మాళ్‌కు ఎనభై రెండేళ్ళు. ఏ ఇంటిపేరువాళ్ళు ఏ ఇంటిపేరువాళ్ళకు అన్నదమ్ములో, ఎవరెవరు పిల్లనిచ్చి పుచ్చుకోవచ్చో ఆమె నోట ఉంటుంది. ఆమె ఇలా అర్థం చేసుకుంది: పెళ్ళికూతురి ఇంట్లో ఎవరో పెద్దలకు ఏదో పాత చుట్టరికం బయటపడింది. నోటితో చెప్పటానికి మొహమాటం అడ్డమొచ్చి, పిలుపులో పెట్టి పంపారు. ఆరువందల మందికీ ఆలోచించి ఆలోచించి కొట్టిన మనిషి, వియ్యంకుడికి మాత్రం ఊరికే కొడతాడా?

ఆండిపట్టి ఇంట్లో సెంథిల్‌కుమార్ కుర్చీలో కూలబడ్డాడు. పెళ్ళిపనులకని తల్లితో వచ్చి అక్కడే ఉన్న దేవిప్రియ నోటుబుక్కు తెరిచి ఖాళీ గడులన్నీ చూపించింది.

"ఇవేమి అన్నా, వీళ్ళ మురై రాయలేదు?"

"వాళ్ళకు రాయాల్సిందేముంది?" అన్నాడు ఆయన విసుగ్గా. "పళనిసామి నాకు ఏమౌతాడో రాసుకునేదా? వాళ్ళంతా మన వాళ్ళు కదా!"

అప్పుడు అర్థమయింది. ఆరు ఊళ్ళ అవతలి చుట్టాల వరసలన్నీ తిరగేసి, అడిగి, జాగ్రత్తగా రాసుకున్నాడు. అతి దగ్గరి ముప్పై ఎనిమిది ఇళ్ళకు మాత్రం గడి వదిలేశాడు. సొంత చెయ్యి పేరేమిటని ఎవరు రాసుకుంటారు? పరాయివాళ్ళందరికీ సరైన పిలుపు వెళ్ళింది. సొంతవాళ్ళందరికీ కోణంగి ఇష్టం వచ్చిన పిలుపు వెళ్ళింది.

"వేలు జారింది అని చెప్తాను," అన్నాడు సెంథిల్‌కుమార్ పసుపుగుడ్డ సవరించుకుంటూ.

మూలన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న వెంకటమ్మాళ్ తలెత్తకుండా అంది: "వేలు జారితే అక్షరం పోతుందిరా. మురై పోతుందా?"

మోనిక ఫోను పట్టుకుని లోపల్నుంచి వచ్చింది. నవ్వుతూనే వచ్చింది. "అత్తా, జీవ ఏం పంపినాడో చూడు. 'ఏమి బిడ్డా, చిన్నాయన మాట్లాడతా ఉండాను. బాగా చదువుకుంటా ఉండావా?' అంట." ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "వానికి ఆటగా ఉంది. వాళ్ళ అవ్వకు ఆట కాదు అత్తా. ఆ అవ్వ ఊ అనకుంటే వాళ్ళ ఇంట్లో కొట్టంలో ఆవును కూడా కట్టరు. నన్ను కట్టుకుంటారా?"

దేవిప్రియ లేచి కంప్యూటరు సంచి భుజాన వేసుకుంది. మిషను సంగతి చెప్పొద్దని అన్న కళ్ళతోనే బతిమాలాడు. "నీవూ రామ్మా," అని ఆమె తల్లిని పిలిచింది.

"నేను వస్తే కాళ్ళు పట్టుకునేదానికి వచ్చినట్టుంటుంది. నువ్వు పో. తప్పు చేసిన నోరు నీది," అంది వెంకటమ్మాళ్.

చిన్నమనూరు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని రెండు దారులు ఆలోచించింది. మిషను అని చెబితే అన్న పరువు పోతుంది. ఆరువందల ఇళ్ళలో మమ్మల్ని యంత్రంతో పిలిచారా అంటారు. చెప్పకపోతే మోనిక పెళ్ళి పోతుంది. జన్మలో మొదటిసారి, ఒక ప్రశ్నకు ఒకే ఒక్క జవాబు, అదీ నిజమైనది చెప్పాల్సి వస్తోంది. అలవాటు లేని పని కాబట్టి బస్సు దిగేలోపల నాలుగుసార్లు లోపల్లోపల చెప్పి చూసుకుంది. నాలుగుసార్లూ నాలుగు రకాలుగా వచ్చింది.

కృష్ణమ్మాళ్ ఇంటి వెనక ద్రాక్షపందిరి కింద నవారు మంచంమీద కూర్చుని ఉంది. ఒళ్ళో ద్రాక్షగుత్తులు. చేతిలో చిన్న కత్తెర. చెడ్డ పళ్ళను ఒక్కొక్కటే కత్తిరించి పారేస్తోంది. పక్కన పళనిసామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొట్ట దగ్గర గుండీ ఒకటి నిజంగానే తెగే స్థితిలో ఉంది.

"ఎవరు?"

"మోనిక అత్తను అవ్వా. దేవిప్రియ."

"అత్తవో అక్కవో ఇప్పుడు మాకేం తెల్సు? కూర్చో." కత్తెర ఆగలేదు. "మీ ఇంట్లో ఎవరు కనిపెట్టినారు పంగాళి సంగతి? చెప్పినారు, మంచిదే. తాళి కట్టినాంక చెప్పుంటే ఏట్లో దూకాల్సిందే."

పంగాళులంటే దాయాదులు, ఒక ఇంటి అన్నదమ్ములు. దేవిప్రియ ఉన్న మాట చెప్పేసింది. "ఎవరూ కనిపెట్టలేదవ్వా. ఆ మెసేజు మా అన్న రాయలేదు. నేనూ రాయలేదు. కోణంగి రాసింది."

"ఎవడు వాడు? మీ ఇంట్లోనే ఉంటాడా?"

"మనిషి కాదు. కంప్యూటరులో ఒక ఆట. చిలక జోస్యం చూసుంటారు కదా అవ్వా. చిలక బయటికొచ్చి ఒక చీటీ తీస్తుంది. చీటీలో ఏముందో దానికి తెలీదు. ఇదీ అట్లనే. మూడు చీటీలు తీసి అతికిస్తుంది."

కృష్ణమ్మాళ్ కత్తెర కింద పెట్టింది. "చిలకకు మా పళనిసామి పొట్ట సంగతి ఎట్లా తెల్సింది?"

"ప్రతి ఇంట్లోనూ ఒక పొట్ట ఉంటుంది కదవ్వా."

పళనిసామి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. ముసలామె కొడుకు వైపు చూసింది, కంప్యూటరు వైపు చూసింది. "ఏదీ, నన్ను పిలవమను చూస్తాను."

ద్రాక్షపళ్ళ పెట్టె బోర్లించి దానిమీద కంప్యూటరు పెట్టారు. దేవిప్రియ కృష్ణమ్మాళ్ పేరు రాసి, వరస గడి ఖాళీగా వదిలి, మీట నొక్కి, పైకి చదివింది.

"మరదలా, నీవు రాకుంటే పందిరి నిలబడుతుందా? పట్టుచీర కట్టుకుని రా, చూసేవాళ్ళు చూడనీ."

పళనిసామి దగ్గాడు. కృష్ణమ్మాళ్ మొహంలో ఏమీ కదల్లేదు. "ఇంకోసారి."

"తమ్ముడా, గడ్డం గీసుకుని రా. పోయినసారి ఫోటోలో దయ్యం మాదిరి పడితివి."

ముసలామె చెయ్యి తనకు తెలియకుండానే గడ్డం తడుముకుంది. అది చూసి పళనిసామి ఆపుకోలేకపోయాడు. ఆమె కూడా పళ్ళులేని నోరు తెరిచి నవ్వింది. దేవిప్రియ చేతిని పక్కకు తోసి, ద్రాక్షరసం అంటిన వేలితో తానే నొక్కటం మొదలుపెట్టింది. దేవిప్రియ చదివిపెడుతుంటే, కోణంగి ఆమెను అల్లుడా అంది. వదినా అంది. పిన్నమ్మా, కుర్చీలు తక్కువగా ఉన్నాయి, మీది మీరు తెచ్చుకోండి అంది. గోడ అవతల నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తొంగిచూసి, లోపలికే వచ్చేశారు.

పదమూడోసారో పద్నాలుగోసారో "కోడలా, పొద్దున్నే లేచి రా, నీకని ఇడ్లీ దాచిపెట్టినాము" అని వచ్చింది.

కృష్ణమ్మాళ్ వేలు మీటమీదే ఆగింది. "నన్ను కోడలా అనేదానికి ఒక్క నోరు మిగల్లేదు ఇప్పుడు," అంది. తర్వాత ముక్కు చీదుకుని, "అంత పొద్దున ఇడ్లీ ఎవరు తింటారు?" అని మళ్ళీ నొక్కింది.

చివరికి నోటుబుక్కు చూపించమంది. ఆమెకు చదువు రాదు. దేవిప్రియ ఖాళీ గడుల పేర్లు ఒక్కొక్కటే చదివితే కళ్ళు మూసుకుని విన్నది. సెంథిల్‌కుమార్ మేనమామ, బావమరుదులు, వియ్యంకుడు. ఆరేడు పేర్లకే ఆమెకు సంగతి అర్థమయింది.

"సరి సరి, చాలించు. అన్నం తినే చేతికి గుర్తు కట్టుకోరు, అంతే కదా. మీ అన్నకు బుద్ధి లేదు గాని దురుద్దేశం లేదు." దేవిప్రియ నవ్వబోయింది. "ఉండు, అప్పుడే నవ్వొద్దు. నేను నమ్మితే అయిపోయిందా? వీడు ఆ మెసేజు వీధంతా చూపించి వచ్చినాడు." పళనిసామి పందిరి వైపు చూడసాగాడు. "ఊరంతా పెదనాయన అంటా ఉంది. నోటితో తప్పిన మురైని నోటితోనే కడగాల. మీ అమ్మకు ఫోను పెట్టు. గట్టిగా వినపడేటట్టు పెట్టు."

అక్కడున్న ఆడవాళ్ళందరికీ ఆమె ఏం చేయబోతోందో తెలుసు. వాళ్ళలో దాయాది ఆడవాళ్ళు ఒకరినొకరు ఎగతాళి చేసుకోరు; మర్యాదగా మాట్లాడుకుంటారు. వెక్కిరించే హక్కు పిల్లనిచ్చి పుచ్చుకునే వాళ్ళకే ఉంది. నిశ్చితార్థమై నాలుగు నెలలైనా ఈ ఇద్దరు ముసలమ్మలూ కొత్తరికంతో బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నారే తప్ప ఒక్క మాట విసురుకున్నది లేదు. ఇప్పుడు విసరాలి. అవతలివైపు నుంచి జవాబు రావాలి. వెంకటమ్మాళ్ గాని భయపడి, తప్పయిపోయిందమ్మా, మన్నించండి అన్నదా, అది దాయాది మర్యాద కిందికి వస్తుంది. ఇక పెళ్ళిమాట ఎవరూ ఎత్తరు.

దేవిప్రియకు తల్లిని ముందుగా హెచ్చరించే వీలు లేకపోయింది. ఫోను అవతల "అలో" అనగానే కృష్ణమ్మాళ్ అందుకుంది.

"ఏమమ్మా సంబందీ! పిలిచేదానికి మీ ఇంట్లో మనుషులు లేక మిషను పెట్టుకున్నారంట? ఆదివారం వడ్డించేది ఎవరు, సీలింగు ఫ్యానా?"

సంబంది అంటే వియ్యపురాలు. అవతల్నుంచి చిక్కుడుకాయ ఒకటి గిన్నెలో పడిన చప్పుడు వినిపించింది. దేవిప్రియ చున్నీ కొసను వేలికి చుట్టుకుంది. గోడ దగ్గరి ఆడవాళ్ళు ఒక అడుగు ముందుకు జరిగారు.

"మనుషులు ఉండారు సంబందీ," అంది వెంకటమ్మాళ్ నింపాదిగా. "మీ ఇంటికి పోవాలంటే మనుషులంతా భయపడిరి. సరే అని మిషనును తోసినాము. మీ మొగం చూసేసరికి అది కూడా మురై మరిచిపోయె."

పందిరి కింద అందరూ గొల్లున నవ్వారు. కృష్ణమ్మాళ్ కళ్ళు మెరిశాయి.

"మురై మరిచితే మరిచినారు, ఉప్పు మరవకండి. నిశ్చయం నాడు మీ రసం గ్లాసులో నా మొగం కనపడింది, అంత పల్చన!"

"అట్లనా! రసం చేదుగా ఉందని అందరూ ఎందుకంటున్నారో అనుకుంటి."

ఈసారి పళనిసామి మంచంకోడు పట్టుకుని నవ్వాడు. తెగటానికి ఎదురు చూస్తున్న గుండీ ఎగిరి ద్రాక్షల్లో పడింది. దేవిప్రియ చెయ్యి అలవాటు కొద్దీ సంచిలో పెన్ను కోసం వెదికింది. ముసలామె ఆ చేతిమీద ఛెళ్ళున ఒకటి వేసింది.

"రాయొద్దు. ఈ మాట మీ అమ్మకని పుట్టింది. ఇంకొకరికి పంపితే ఎంగిలి." మళ్ళీ ఫోను వైపు తిరిగింది. "ఆ, చెప్పు సంబందీ, చేదు అంటివా..."

పళనిసామి ఇంకో ఫోను తీసుకుని అవతలికి వెళ్ళి, పందిరి కట్టుకోమని ఆండిపట్టికి చెప్పి వచ్చాడు. ఇవతల ఆ ఇద్దరూ ఇంకా రసంలోనే ఉన్నారు. వాళ్ళు రసంలోంచి వడలకూ, వడల్లోంచి ఒకరి చీరల మీదికి ఒకరూ వెళ్ళేసరికి, దేవిప్రియ పెట్టె ముందు కూర్చుని కోణంగిలో ఆ ఒక్క లైను చెరిపేసింది. వరస తెలియనిచోట నోరు మూసుకోమని ఇంకో లైను రాసింది. అది అయ్యాక ఖాళీ గడుల జాబితా ముందు పెట్టుకుంది. మిగిలిన ముప్పై ఏడు ఇళ్ళకూ సొంత నోటితో పిలుపు చెప్పుకోక తప్పదు.

అన్నింటికంటే పైన వరదరాజ పేరు ఉంది. బోడిలో ఉండే ఆయన వాళ్ళ అమ్మకు తోడబుట్టిన తమ్ముడు, డెబ్బై ఎనిమిదేళ్ళ మేనమామ. కోణంగి ఆయనకు ఏం పంపిందో తీసి చూసింది. "మనవడా, పెండ్లిలో అల్లరి చేయకుండా ముందు వరసలో బుద్ధిగా కూర్చోవాల. ఏడిస్తే జాంగ్రీ లేదు."

గొంతు సవరించుకుని నంబరు నొక్కింది. అవతల ఆమె నంబరు చూసే ఎత్తారు. మామా అనటానికి ఆమె నోరు తెరిచేలోపలే ఆ ముసలి గొంతు మహా వినయంగా పలికింది.

"అవ్వా, బాగుండావా? నేను ఏడవనే లేదు అవ్వా. జాంగ్రీ ఉంది కదా?"

దేవిప్రియ కళ్ళు మూసుకుంది.

"ఉంది మనవడా," అంది. "రెండు."